కన్ను తెరవని కాయ

సీతాఫలం కోయడానికి ఒక పద్ధతి ఉంది. మా పాలమూరులో పసిపిల్లలకు కూడా అది తెలుసు. కాయ మీది గళ్ల మధ్య సందులు విడివడి, పచ్చదనం పోయి, తెల్లగా కనబడాలి. దాన్నే కన్ను తెరవడం అంటాం. కన్ను తెరిచిన కాయను తెంపి బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మాగుతుంది. తెరవని కాయను తెంపితే ఎన్నాళ్లు పెట్టినా పండదు. నల్లబడి రాయిలా గట్టిపడుతుంది. ఇదంతా తెలిసీ, పైగా వృక్షశాస్త్రంలో పట్టా పెట్టుకునీ, నేను ఒక కాయను కన్ను తెరవకముందే తెంపాను. ఎందుకు తెంపానో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఎమ్మెస్సీ ముగించి బయటికొచ్చాను. రాష్ట్రం వస్తే కొలువులు వస్తాయని మేమంతా నమ్మాం. మేమంటే ఉద్యమంలో క్లాసుల్లో కన్నా రోడ్ల మీద ఎక్కువ కూర్చున్న బ్యాచి. కొలువులు వచ్చేదాకా ఖాళీగా ఉండలేక, మహబూబ్‌నగర్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న టౌను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. నోటిఫికేషన్ పడేదాకా చేద్దాం అనుకున్నాను. ఆ 'దాకా' ఇంకా అయిపోలేదు.

గెస్ట్ లెక్చరర్ అంటే తెలియని వాళ్లకు చెప్తాను. జూలైలోనో ఆగస్టులోనో పిలుస్తారు. డెమో క్లాసు చెప్పించుకుని తీసుకుంటారు. చెప్పిన పీరియడ్‌కే జీతం. పండుగ సెలవుకు లేదు, పరీక్షలప్పుడు లేదు, ఆటల పోటీలప్పుడు లేదు. ఏప్రిల్ రాగానే ల్యాబు తాళంచెవి అప్పజెప్పి ఇంటికి పోవాలి. మళ్లీ జూలైలో పెండ్లిచూపులకు కూర్చున్నట్టు అదే కాలేజీలో, అదే బల్ల ముందు డెమోకు నిలబడాలి. మధ్యలో ఏ రోజైనా ఒక రెగ్యులర్ లెక్చరర్ బదిలీ మీద ఆ పోస్టులోకి వస్తే, ఆ రోజుతో మన పని ఖతం. కాగితాల్లో మమ్మల్ని అతిథులంటారు. ఇంటికి అతిథి వస్తే ఎవరైనా కుర్చీ వేస్తారు. మా స్టాఫ్ రూములో నాకంటూ ఒక కుర్చీ ఏనాడూ లేదు. ఆ రోజు ఎవరు సెలవు పెట్టారో కనుక్కుని వాళ్ల కుర్చీలో కూర్చునేదాన్ని.

మాది అసలు నల్గొండ దిక్కు, దేవరకొండ అవతల పల్లె. బాపు గొర్రెల కాపరి. ఎండకాలం మందను తోలుకుని ఊరూరూ తిరిగేవాడు. రైతులు పిలిచి తమ చేన్లలో మంద పెట్టించుకుంటారు. రాత్రిపూట గొర్రెలు ఆ చేనులో పండుకుంటే పెంట పడి భూమికి బలమొస్తుంది. కాపరికి ఇన్ని గింజలు కొలిచి ఇస్తారు. ఆ చేను అయ్యాక ఇంకో చేను. మోకాళ్లు పట్టేసి మందను అమ్మేశాక బాపు మహబూబ్‌నగర్‌లో మా కిరాయి ఇంట్లోనే ఉంటున్నాడు. నా ఆర్డర్ కాగితంలోని షరతులు మా ఆయన చదివి వినిపిస్తే బాపు నవ్వాడు.

"గిది కొలువెట్లయితది బిడ్డా? మంద పెట్టుడే గదా."

"చదువు చెప్పుడు బాపూ, పెంట ఏసుడు గాదు," అన్నాను రోషంగా.

"పెంటను గంత తక్కువ జేయకు. అది పడితేనే చేను పండుతది. నేనన్నది గది గాదు. పంట కోసేనాడు కాపరోడు ఆడ ఉండడు."

అప్పుడు నాకు ఆ మాట ఎక్కలేదు. నా తల నిండా ఆలోచనలే. నా క్లాసులో పిల్లలు కూలికి పోయే ఇండ్ల నుంచి, మేకలు కాసే ఇండ్ల నుంచి వచ్చినవాళ్లు. పత్తి ఏరి ఏరి గీరుకుపోయిన వేళ్లతో, ఎన్నడూ చూడని చలిదేశపు మొక్కల బొమ్మలు గీసేవాళ్లు. ఇదేం చదువని నాకు ఒళ్లు మండేది. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. డిగ్రీ మూడేళ్లు. మొదటి సంవత్సరం చేరగానే ప్రతి ఒక్కరూ ఒక గింజ నాటాలి. వేరు, కాండం, ఆకు, అన్నీ ఆ మొక్క మీదే చదవాలి. మూడో సంవత్సరం దాని పువ్వు విప్పి చూడాలి, కాయ చీల్చి చూడాలి. మూడేళ్ల పాఠానికి ఒక్క చెట్టు. ల్యాబు వెనక ఖాళీ జాగా ఉంది. మొక్క ఏదంటే సీతాఫలమే. గుట్టల మీద దానంతటదే పెరుగుతుంది, నీళ్లు పెద్దగా అడగదు, మేకలు మూతి పెట్టవు, మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది. ఆ ఆలోచన వచ్చిన రోజు బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే, పక్కన కూర్చున్నావిడ కొంచెం దూరం జరిగింది.

పిల్లలు ఇండ్ల నుంచి గింజలు తెచ్చారు. గడ్డపార ఎవరు పట్టాలని కొట్లాడుకున్నారు. మొలకలు లేచిన వారం నా క్లాసుకు బెల్లు కొట్టకముందే వచ్చి కూర్చున్నారు. చదువు చెప్పడం ఇంత బాగుంటుందా అనుకున్నాను. ఆ ఏడాది నాకు జీతం ఎప్పుడొచ్చిందో కూడా గుర్తు లేదు.

ఏప్రిల్ వచ్చింది. తాళంచెవి ఇచ్చేశాను. మొక్కలకు నీళ్లు పోయమని అటెండర్‌ను బతిమాలాను. ఆయనదీ ఔట్‌సోర్సింగే. ఏజెన్సీ మారగానే ఆయననూ తీసేశారు. కొన్నాళ్లు నేనే బస్సెక్కి పోయి బకెట్లతో పోశాను. ఒకనాడు ప్రిన్సిపల్ సార్ చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు.

"మేడమ్, మీరిప్పుడు మా స్టాఫ్ గాదు గదా. లోపల ఏమన్న పోతే రేపు నన్నడుగుతరు. మీకెందుకు గీ తిప్పలు?" అన్నారు.

జూలైలో డెమో చెప్పి మళ్లీ లోపలికి పోయేసరికి ల్యాబు వెనక ఎండుపుల్లలు మిగిలాయి. పిల్లలు వాటి చుట్టూ నిలబడి నా మొహం చూశారు. మళ్లీ నాటుదాం అన్నాను. నాటాం. మళ్లీ ఏప్రిల్ వచ్చింది. మూడోసారి నాటుదాం అన్నప్పుడు ఒక పిల్లగాడు, మర్యాదగానే, "ఎండకాలం మీరుంటరా మేడమ్?" అని అడిగాడు. పిల్లలను క్లాసులోకి పంపేసి ల్యాబు గోడ వెనక్కి పోవడమే మానేశాను.

ఆ ఏడాది ల్యాబు ముందు బంతి నాటించాను. తర్వాతి ఏడాది బంతితో పాటు పెసర, బెండ. నాలుగు నెలల్లో పుట్టి, పూసి, చచ్చే మొక్కలు. నా కొలువు ఎంత పొడుగో అంతకు మించని ఆయుష్షున్న వాటినే ఎంచుకున్నాను. చెట్లను బోర్డు మీద గీశాను. తమాషా ఏమిటంటే, బంతి విరగబూసిన రోజుల్లోనే తనిఖీకి పెద్దలు వచ్చారు. తోట భలే ఉందన్నారు. ప్రిన్సిపల్ సార్ నన్ను పిలిచి ఫోటోలో నిలబెట్టారు. మూడేళ్ల పాఠం ఎండిపోయినప్పుడు అయ్యో అన్న నాథుడు లేడు, బంతిపూలకు మాత్రం చప్పట్లు.

క్లాసులోనూ అంతే. ప్రయోగం చేయిస్తే ఒక్కోసారి తప్పుతుంది. ఎందుకు తప్పిందో వెతకడంలోనే చదువంతా ఉందని ఒకప్పుడు నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు తప్పితే జూలైలో డెమో గదిలో ఎవరో గుర్తు చేస్తారేమోనని భయం. పాసైనవాళ్లు తగ్గితే ముందు కనబడేది గెస్టు మొహమే. అందుకని ఇంపార్టెంట్ కొశ్చన్లు రాయించాను. పిల్లలు బట్టీ పట్టారు, పాసయ్యారు. ఏ ఎండకా గొడుగు పట్టడం నేర్చుకున్నాను. ఒక ప్రిన్సిపల్‌కు నిశ్శబ్దం ఇష్టమైతే నా క్లాసు శ్మశానంలా ఉండేది. ఇంకొకాయనకు చార్టులు ఇష్టమైతే గోడ కనబడకుండా చార్టులు అంటించాను. ఆలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డు మొక్కలు చూపించడానికి పిల్లలను తీసుకుపోతానని ఒకసారి అడిగాను. గెస్టును నమ్మి పిల్లలను పంపితే రేపు బాధ్యత ఎవరిదన్నారు. ఆ తర్వాత ఏదీ అడగలేదు.

మీటింగుల్లో ఏదైనా తోచినా నోరు విప్పేదాన్ని కాదు. చెబితే పని మన నెత్తిన పడుతుంది, పేరు రెగ్యులర్ వాళ్లకు పోతుంది. అదీ కాక 'ఈమెకు చానా తెలుసు' అన్న మాట జూలై దాకా వెంట వస్తుంది. కొన్నాళ్లకు చెప్పకపోవడం అలవాటైంది. ఇంకొన్నాళ్లకు తోచడమే మానేసింది. నాకు ఎక్కువ ఏడుపొచ్చేది దానికే. నోరు నేను కావాలని మూసుకున్నాను. బుర్ర ఎప్పుడు మూసుకుపోయిందో నాకు తెలియలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని గంటసేపు దేని గురించీ ఆలోచించకుండా పోయేదాన్ని, వచ్చేదాన్ని.

కాంట్రాక్టు వాళ్లను పర్మినెంట్ చేస్తున్నారని టీవీలో వచ్చిన రోజు మా ఆయన పరుగున మిఠాయి తెచ్చాడు. కాంట్రాక్టు వేరు, గెస్టు వేరని నేను చెప్పేసరికి బాపు అప్పటికే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. మిగతాది మేమూ తిన్నాం. పారేయలేం కదా.

అలా ఏళ్లు గడిచాయి. ల్యాబులో ఒక నల్లా ఉండేది. వాషర్ పోయి ఎప్పుడూ కారుతూనే ఉండేది. ఆ సింకు పైపు గోడ వెనక్కి తెరుచుకునేది. బాగు చేయించాలని వచ్చిన ప్రతి ప్రిన్సిపలూ అనేవారు, ఎవరూ చేయించలేదు. ఒక ఆగస్టులో ఫైనలియర్ పిల్లలు బంతి నారు నాటుతున్నారు. వాళ్లలో ఒక పిల్ల, మేకలు కాసే ఇంటి నుంచి వచ్చింది, ఎప్పుడూ వెనక బల్ల మీదే కూర్చునేది. ఆమె పారతో మట్టి తేవడానికి గోడ వెనక్కి పోయి అక్కడి నుంచి కేకేసింది.

"మేడమ్, గీ తుప్పల్ల సీతాఫలం చెట్టున్నది. పూసింది!"

పోయి చూశాను. నా కన్నా ఎత్తుగా ఉంది. నాటిన వాటిలో ఒకటి, ఆ నల్లా నీళ్లు తాగి, ఎవరి కంటా పడకుండా బతికింది. ఆకును చేత్తో పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

పూలు చాలానే ఉన్నాయి గానీ పూసినవన్నీ రాలిపోతున్నాయి. సీతాఫలం పువ్వు తీరు వేరు. ముందు ఆడపువ్వులా ఉంటుంది, తర్వాత మగపువ్వవుతుంది. తన పుప్పొడి రాలే వేళకు, పుప్పొడిని అందుకునే తన కీలాగ్రం ఎండిపోతుంది. చిన్న పురుగులు వేరే పువ్వు నుంచి పుప్పొడి మోసుకొస్తే తప్ప కాయ పట్టదు. ఈ మాట చెబితే ఆ పిల్ల, "పురుగు పని మనమే జేస్తే కాదా మేడమ్?" అంది.

ఎన్నేళ్లయిందో నా క్లాసులో ఒకరు ప్రశ్న అడిగి. బొమ్మలకు రంగులేసే చిన్న కుంచె కొనుక్కొచ్చాను. మొదటి పీరియడ్ కన్నా ముందే అందరం చేరేవాళ్లం. రేకులు బాగా విచ్చుకున్న పూల నుంచి పుప్పొడి తీసి, అప్పుడప్పుడే సందు విడిచిన పూలలో అద్దేవాళ్లం. తలా ఒక పువ్వు. ఒకడు సరిగ్గా సమయానికి తుమ్మి పుప్పొడంతా ఊదేస్తే, మిగతావాళ్లు వాణ్ని కొట్టినంత పని చేశారు. చివరికి ఒక్కటంటే ఒక్క కాయ పట్టింది.

ఆ కాయతో నాకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. బస్సులో కూర్చుని పాఠాలు అల్లుకున్నాను. పిల్లలు వారం వారం దారంతో కాయ చుట్టూ కొలిచేవాళ్లు, ఫోన్లలో ఫోటోలు తీసేవాళ్లు. కన్ను తెరిచాక తెంపాలి, మాగాక క్లాసులో అందరి ముందూ చీల్చాలి. ఒక్కొక్క కన్నూ ఒక చిన్న పండు, అన్నీ కలిసి ఒక పండు. సంకలిత ఫలం అంటే ఏమిటో చేతిలో పట్టుకుని చూడాలి. తినాలి. గింజలు పంచుకోవాలి. ఆ గింజలు ఎవరి ఇంట్లో వాళ్లు నాటుకోవాలి గానీ కాలేజీలో నాటొద్దని నేనే షరతు పెట్టాను. ఎప్పుడో మొదలుపెట్టిన పాఠాన్ని ఒక్క బ్యాచికైనా చివరిదాకా చెప్పాలన్న ఆశ అది. ఆశ లావు, పీక సన్నం.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. సంబరంగా విన్నాడు.

"ఎప్పటికి కన్ను తెరుస్తది?"

"కార్తీకం పోయినంక."

"అప్పటిదాక ఉంటవా ఆడ?"

లేచి లోపలికి పోయి గిన్నెలు తోమాను. అవి తోమినవే.

దీపావళి సెలవు అయ్యాక కాలేజీకి పోతే ప్రిన్సిపల్ సార్ పిలిపించారు. అప్పటికి మూడో ప్రిన్సిపల్. "బదిలీ మీద రెగ్యులర్ మేడమ్ జాయినయితున్నరు. రేపటి సంది క్లాసులు ఆమె జూస్తది. ఇయ్యాల తాళంచెవులు ఆమెకు అప్పజెప్పుండ్రి," అన్నారు.

"సార్, ఒక్క నెల..."

"నా చేతుల ఏమున్నది మేడమ్?"

నిజమే, ఆయన చేతుల్లో ఏమీ లేదు. ఎవర్నడిగినా అదే మాట. అందరిదీ నిజమే. మరి మమ్మల్ని తీసేసేది ఎవరి చేతులో ఇన్నేళ్లలో నాకు అంతుపట్టలేదు.

కొత్త మేడమ్ మంచిదే. ఎక్కడో దూరాన చాలా ఏళ్లు చేసి, ఇంటికి దగ్గరగా ఉంటుందని బదిలీ పెట్టుకుని వచ్చిందట. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిందేమో, కొంగుతో మొహం తుడుచుకుంటూ ల్యాబంతా చూసింది. సింకు దగ్గర ఆగింది.

"అయ్యో, నీళ్లన్ని గిట్లనే పోతున్నయా? రేపే ప్లంబర్‌ను పిలిపిస్త."

"దాని వెనక ఒక చెట్టున్నది మేడమ్. ఆ నీళ్లతోనే బతుకుతాంది," అన్నాను.

"అట్లనా? చూద్దాం లెండి," అంది తాళంచెవి పర్సులో వేసుకుంటూ. ఆమెకు ఆ చెట్టు ఒక చెట్టు. అంతకన్నా ఎక్కువ ఎందుకు కావాలి?

పిల్లలు గోడ వెనక నిలబడి ఉన్నారు. వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది.

"కన్ను తెరిసినంక కొత్త మేడమ్‌తోని కలిసి చీల్చుండ్రి," అన్నాను.

"మీరు లేకుంట మేం చీల్చం," అంది ఆ మేకలు కాసే ఇంటి పిల్ల. "మీరే తెంపుకపోండ్రి. పండినంక ఫోన్ చేయుండ్రి. బస్టాండుల కలుద్దాం. ఆడనే చీలుద్దాం."

కాయ వంక చూశాను. పచ్చగా, గట్టిగా, గళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంది. ఇంకా కనీసం నెల రోజులు చెట్టున ఉండాలి. అది నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఇద్దరిలో ఎవరమూ ఆ మాట అనలేదు. నల్లా బాగుచేస్తే చెట్టు ఎండుతుందనీ, కోతులు వస్తాయనీ ఇంటికొచ్చాక ఎన్నో సాకులు అల్లుకున్నాను. అసలు సంగతి అవేవీ కాదు. జన్మలో ఒక్కసారైనా పంట కోసేనాడు నేను అక్కడ ఉండాలనిపించింది. తెంపాను. తొడిమె దగ్గర కొంచెం పచ్చి తడి ఊరింది.

బియ్యం డబ్బాలో అడుగుకంటా కప్పిపెట్టాను. పొద్దున వంటకు బియ్యం తీసేటప్పుడు బొటనవేలితో వత్తి చూసేదాన్ని. పిల్లలు ఫోన్ చేసి, "పండిందా మేడమ్?" అని అడిగేవాళ్లు. "ఇంక జర ఆగుండ్రి," అనేదాన్ని. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. కాయ ఒక పక్క నల్లబడింది, తర్వాత రెండో పక్క. అయినా రోజూ వత్తి చూడడం మానలేదు.

ఒకరోజు నాకు ఒంట్లో బాగలేక పడుకుంటే, బాపే బియ్యం తీయబోయాడు. చేతికి తగిలిన దాన్ని బయటికి తీసి నా దగ్గరికి తెచ్చాడు. పూర్తిగా నల్లగా, ముడుచుకుపోయి, గోటితో కొడితే టక్కుమంటోంది.

"కన్ను తెరువకముందు తెంపితే గిట్లనే అయితదని నీకు తెలువదా బిడ్డా?"

"తెలుసు బాపూ."

"మరెందుకు తెంపినవ్?"

"రేపు నేనాడ ఉండనని."

ఎన్ని చేన్లలో మంద పెట్టి ఎన్ని పంటలు చూడకుండా వచ్చేశాడో బాపుకే తెలియాలి. కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. పారేస్తాడనుకున్నాను. తీసుకుపోయి మళ్లీ బియ్యంలోనే పెట్టి, మూత బిగించాడు.

జూలైలో ఇంకో కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మర్నాడే డెమో అన్నారు. ఏ పాఠం చెబుతారో ముందే రాసుకోవాలట.

"బంతిపువ్వు, సార్," అన్నాను.